పరిశోధన వ్యాసములకు స్థిరాభిజ్ఞానములు

పరిశోధన గ్రంథములయందు ఆకర నిర్దేశమునకు ప్రయోజనములు రెండు. పూర్వ పరిశోధకుని ఋణమును ఒప్పుకొనుట మొదటిది. చదువరి ఆ ఆకరమును స్వయముగా చూచి, వ్రాసిన మాట నిలుచునో నిలువదో పరీక్షించుకొనుటకు దారి చూపుట రెండవది. మొదటి ప్రయోజనము ఆకరము పేరు చెప్పినంతనే నెరవేరును. రెండవది, ఆ పేరు పట్టుకొని పోయినవానికి ఆకరము దొరికినప్పుడే నెరవేరును. దొరకని ఆకరముపై నిలిచిన సిద్ధాంతమును చదువరి నమ్మవలసినదే కాని పరీక్షింపజాలడు.

అచ్చు పత్రికల కాలమున ఈ రెండవ ప్రయోజనమునకు గ్రంథాలయములే పూచీగా నుండినవి. పత్రిక పేరు, సంపుటము, సంచిక, పుట చెప్పిన చాలును. ఏదో యొక గ్రంథాలయమున అది దొరకును. నేడు వ్యాసములు అంతర్జాలమున వెలువడుచున్నవి. పాత పత్రికలు ఛాయాప్రతులుగా అచ్చటికే చేరుచున్నవి. శాఖలును పరిశోధకులును తమ ఆకరములను డేటాబేసులలో నిలువజేసికొనుచున్నారు. అందు ఆకరము పేరునకు బదులు దాని అంతర్జాల చిరునామాను వ్రాయుట అలవాటైనది. ఈ యలవాటు ఎంత చేటు తెచ్చినదో 2014లో వెలువడిన రెండు పరిశీలనలు తెలుపుచున్నవి. హార్వర్డ్ లా రివ్యూ పత్రికలో నిర్దేశింపబడిన చిరునామాలలో నూటికి డెబ్బదికి మించినవియు, అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులలోని వానిలో సగమును, మొదట చూపిన విషయమును చూపుట మానినవని ఒకటి నిరూపించినది. శాస్త్ర, సాంకేతిక, వైద్య విషయక వ్యాసములలో ఐదింట నొకటి ఇట్టి జీర్ణతకు లోనైనదని రెండవది తేల్చినది.

ఈ వ్యాధికి మందుగా ఏర్పడినవే స్థిరాభిజ్ఞానములు. అవి ఒకటి గాక అనేకములు. వానిలో దేనిని గ్రహింపవలెను, ఏ కారణముచేత గ్రహింపవలెను, ముఖ్యముగా తెలుగు పరిశోధనకు వానిలో ఏవి ఉపకరించును అను విషయము ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

1. నామము - స్థానము

మొట్టమొదట తెలియవలసిన భేదము నామమునకును స్థానమునకును గల భేదము. ఇది గ్రంథాలయ శాస్త్రమునకు క్రొత్త గాదు. గ్రంథాలయమునకు వచ్చిన ప్రతి పుస్తకమునకును రెండు సంఖ్యలు పడును. ఒకటి చేరిక పుస్తకములో పడు వరుస సంఖ్య. ఆ పుస్తకము ఉన్నంతకాలము అది మాఱదు. రెండవది వర్గీకరణ సంఖ్య. అది పుస్తకము ఏ బీరువాలో, ఏ పుస్తకము సరసన నిలువవలెనో చెప్పును. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన రంగనాథన్ గారు 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణమునకు ఒక గ్రంథాలయము మాఱినచో రెండవ సంఖ్య మాఱును, మొదటిది మాఱదు. పుస్తకమును పోల్చుకొనుటకు మొదటిది, వెదకి తీయుటకు రెండవది. ఒకదానిని రెండవ దాని పనికి వాడరాదు.

శాసన పరిశోధకులకు ఈ భేదము మఱింత పరిచితము. శాసన శాఖవారి వార్షిక నివేదికలలో ప్రతి శాసనమునకును ఆ యేటి వరుస సంఖ్య ఒకటి కలదు. శాసనమున్న శిల దేవాలయ ప్రాంగణమునుండి వస్తుప్రదర్శనశాలకు తరలవచ్చును; గ్రామము పేరు మాఱవచ్చును; జిల్లా చీలవచ్చును. ఇన్ని మాఱినను "ఇన్నవ సంవత్సరపు నివేదికలో ఇన్నవ సంఖ్య" అన్న నిర్దేశము చెదరదు. ఏలయన అది శిల యున్న తావును చెప్పుట లేదు, శాసనమును చెప్పుచున్నది.

అంతర్జాల చిరునామా స్థానమును చెప్పును. అందు సంస్థ పేరు, ఆ సంస్థ యంత్రములో అఱ పేరు, ఆ యఱలో పత్రము పేరు వరుసగా నుండును. సంస్థ పేరు మార్చుకొన్నను, యంత్రమును మార్చినను, అఱలను సర్దుకొన్నను చిరునామా చెల్లదు. మంచి చిరునామాలు మాఱవని అంతర్జాల నిర్మాతయైన టిమ్ బర్నర్స్‌లీ 1998లోనే హెచ్చరించెను. ఐనను చిరునామాను మార్చువాడు ఒకడు, దానిని నిర్దేశించి నష్టపడువాడు మఱియొకడు. కావున మార్చువానికి ఆ నష్టము కనబడదు. ఈ కనబడని నష్టమును నివారించుటకై నామమును స్థానమునుండి వేఱుపరచి, రెంటికిని నడుమ నొక పట్టికను నిలిపిరి. పరిశోధకుడు నామమును వ్రాసికొనును; పట్టిక ఆ నామమునకు నేటి స్థానమేదో చెప్పును. స్థానము మాఱినప్పుడు పట్టికలో ఒక్కచోట దిద్దిన చాలును. వేయి గ్రంథములలో వ్రాసిన నామము యథాతథముగా పనిచేయును. స్థిరాభిజ్ఞానములన్నింటికిని మూలసూత్ర మిదియే.

2. మంచి అభిజ్ఞానమునకు లక్షణములు

అభిజ్ఞానమునకు మొదటి లక్షణము అనన్యత. ఒక నామము ఒక వస్తువునకే చెల్లవలెను. మన పాత పత్రికల ముఖపత్రములపై కనబడు సంవత్సర నామము ఈ లక్షణమునకు మంచి ప్రత్యుదాహరణము. "క్రోధి నామ సంవత్సర సంచిక" యన్నచో 1964-65 నాటిదో 2024-25 నాటిదో తెలియదు. ప్రభవాదులు అరువదేండ్ల కొకసారి తిరిగి వచ్చును. ఒక మనుష్యుని జ్ఞాపకమునకు అరువదేండ్లు చాలును గాని పత్రికా చరిత్రకు చాలవు. శాసనకర్తలు ఈ లోపము నెఱిగియే సంవత్సర నామముతో శకవర్షమును గూడ చెక్కించిరి.

రెండవ లక్షణమును మన వ్యాకర్తల పరిభాషలో చెప్పవచ్చును. శబ్దములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజింపబడినవి. అవయవముల అర్థమునుండి అర్థమిచ్చునది యౌగికము. అవయవార్థముతో పనిలేక వాడుకచే నిలిచినది రూఢము. అవయవార్థముండియు ఒక్క వస్తువునందే నిలిచినది యోగరూఢము. అభిజ్ఞానము రూఢమై యుండుట మేలు. ఏలయన యౌగికమైన నామములోని ప్రతి యవయవమును ఒక వాస్తవమును చెప్పును. ఆ వాస్తవము మాఱినచో నామము అబద్ధమాడును. దిద్దబోయినచో స్థిరత్వము పోవును.

భౌతిక శాస్త్రజ్ఞులకై 1991లో ఏర్పడిన ఆర్కైవ్ అను వ్యాసనిధి చరిత్ర దీనికి నిదర్శనము. మొదట అందలి ప్రతి వ్యాసపు గుర్తులోను శాస్త్ర శాఖ పేరు, పిదప సంవత్సర మాసములు, పిదప మూడంకెల వరుస సంఖ్య ఉండెడివి. ఒక వ్యాసము రెండు శాఖలకు చెందినదైనచో ఏ శాఖ పేరు పెట్టవలెను? ఒక శాఖలో ఒక నెలకు వేయి వ్యాసములు వచ్చినచో మూడంకెలు చాలునా? 2007 ఏప్రిలునుండి శాఖ పేరును తొలగించి, సంవత్సర మాసములకు తోడు నాలుగంకెల సంఖ్యను మాత్రము నిలిపిరి. 2015 జనవరినుండి ఆ నాలుగంకెలును చాలక ఐదు చేసిరి. యౌగికమై పుట్టిన గుర్తు క్రమముగా యోగరూఢమైనది. ఆ నిధి వారి వివేక మేమనగా, పాత గుర్తులను ఒక్కటియు మార్చలేదు. అవి నేటికిని చెల్లుచున్నవి.

ఆర్క్ అను మఱియొక పద్ధతియందు ఈ సూత్రమును ఇంకను సూక్ష్మముగా పాటించిరి. అందు గుర్తులను పుట్టించుటకు తఱచుగా వాడబడు వర్ణమాలలో అంకెలును రోమను హల్లులును మాత్రమే గలవు, అచ్చులు లేవు. అచ్చులున్నచో యాదృచ్ఛికముగా ఏదో భాషలో ఒక పదము ఏర్పడి, గుర్తునకు లేని అర్థమును అంటగట్టునని వారి భయము.

మూడవ లక్షణము లేఖన సౌకర్యము. అభిజ్ఞానమును మనుష్యులు చేతితో వ్రాయుదురు, చూచి టైపు చేయుదురు, అచ్చున దిద్దుదురు. పొరపాటు పడినప్పుడు పట్టుకొను ఉపాయము అందే యుండుట మంచిది. పత్రికలకు ఇచ్చు ఐ.ఎస్.ఎస్.ఎన్. అను ఎనిమిదంకెల సంఖ్యలో చివరి యంకె అట్టి కావలి యంకె. 'నేచర్' పత్రిక సంఖ్య 0028-0836. మొదటి యేడంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2 చేత గుణించి కూడిన 82 వచ్చును. దానిని 11 చేత భాగించిన శేషము 5; 11లో 5 తీసివేయగా 6. చివరి యంకె 6 అగుటచేత సంఖ్య సరియైనది. ఎవరైన 28ని తారుమారుగా 82 అని వ్రాసినచో మొత్తము 88 అగును, శేషము సున్న, కావలి యంకె కలియదు, తప్పు బయటపడును. డి.ఓ.ఐ. అను ప్రసిద్ధ పద్ధతికి ఈ కావలి లేదు. ఆ కారణముచేత దానిని చేతితో వ్రాయక నకలు తీసి చేర్చుటయు, చేర్చిన వెంటనే అది ఆ వ్యాసమునకే పోవుచున్నదో లేదో చూచుటయు అవసరము.

తెలుగువారికి ఈ లక్షణమున ఒక విశేషము కలదు. అభిజ్ఞానములో తెలుగక్షరములు పెట్టరాదు. అంతర్జాల చిరునామాలోనికి పోవునప్పుడు యూనికోడ్ తెలుగు వర్ణము ఒక్కొక్కటి తొమ్మిది రోమను చిహ్నములుగా మాఱును. "భారతి" అన్న మూడక్షరముల మాటలో సంకేతములు ఐదు. అవి నలువదియైదు చిహ్నములగును. అదియు గాక ఒక్క శబ్దమునే "మఱియు" అనియు "మరియు" అనియు వ్రాయు మన వర్ణక్రమ భేదములు నామమునకు అనేక రూపములు తెచ్చి అనన్యతను చెఱుచును. తెలుగు పేరు వివరణలో ఉండదగును, గుర్తులో గాదు.

3. ప్రచారములో నున్న పద్ధతులు

నేడు ప్రచారములోనున్న పద్ధతులలో ప్రధానమైనవానిని సంగ్రహముగా చూతము.

మొదటిది హ్యాండిల్ పద్ధతి. అమెరికాలో రాబర్ట్ కాన్ నాయకత్వమున 1990 దశకమున రూపొందినది. ఇందు గుర్తు రెండు భాగములు: నడుమ ఒక ఏటవాలు గీత, దానికి ముందు సంస్థకు ఇచ్చిన సంఖ్య, పిదప ఆ సంస్థ తన వస్తువునకు ఇచ్చుకొన్న గుర్తు. ఇది మనకు దూరమైనది కాదు. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు శోధగంగలో నిక్షేపింపబడిన ప్రతి సిద్ధాంత గ్రంథమునకును 10603 అను సంస్థా సంఖ్యతో ఒక హ్యాండిల్ కలదు. తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథములును అందున్నవి. ఐనను వానిని నిర్దేశించువారిలో పలువురు విశ్వవిద్యాలయము పేరును సంవత్సరమును మాత్రము వ్రాసి, చేతికందుచున్న ఆ సంఖ్యను విడుచుచున్నారు.

రెండవది డి.ఓ.ఐ. ఇది హ్యాండిల్ యంత్రాంగముపైననే నిలిచినది. దీని ఆద్యంశము ఎల్లప్పుడును 10 అను అంకెతోను చుక్కతోను ఆరంభమగును. 10.1000/182 అనునది ఆ పద్ధతిని వివరించు కరదీపికకే ఇచ్చిన డి.ఓ.ఐ. దీని నిర్వహణ సంస్థ 1998లో నెలకొన్నది. 2012లో ఇది ఐ.ఎస్.ఓ. 26324 అను అంతర్జాతీయ ప్రమాణమైనది. ఆ సంస్థ స్వయముగా సంఖ్యల నియ్యదు. నమోదు సంస్థల ద్వారా ఇప్పించును. వ్యాసములకు ప్రధానమైన క్రాస్‌రెఫ్ 2000లో ప్రచురణకర్తలచే స్థాపితమైనది. దత్తాంశములకై డేటాసైట్ 2009లో ఏర్పడినది. డి.ఓ.ఐ.కి గల విశేష బలము దాని వెనుకనున్న వివరణలు. సంఖ్య నిచ్చునప్పుడే కర్త, శీర్షిక, పత్రిక, సంవత్సరము మొదలగునవి అందఱికిని అందునట్లు నమోదగును. కావున డేటాబేసు కర్త సంఖ్యను మాత్రము చేర్చినను మిగిలిన వివరములను యంత్రమే తెచ్చి నింపగలదు.

మూడవది ఆర్క్. 2001లో కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీవారు ఆరంభించినది. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమువారు దీనిని విరివిగా వాడుచున్నారు. సంస్థకు ఒక సంఖ్య ఉచితముగా లభించును. ఆపై తన గుర్తులను తానే పుట్టించుకొనవచ్చును. అచ్చు పుస్తకము, తాళపత్రము, ఒక సంచికలోని ఒక పుట - దేనికైనను ఇయ్యవచ్చును. పైకము అడుగదు, కాని పట్టికను నడుపు భారమంతయు సంస్థపైననే యుండును.

నాలుగవది యు.ఆర్.ఎన్. ఇది 1997లో నియమబద్ధమైనది. జర్మనీ, ఫిన్లండు మొదలగు దేశముల జాతీయ గ్రంథాలయములు తమ ప్రచురణములకు వాడుచున్నవి. మన దేశమున వ్యాసములకు దీని వాడుక లేనందున విస్తరింపబనిలేదు. 1995లో ఓ.సి.ఎల్.సి. ఆరంభించిన పర్ల్ చిరునామాలను గూర్చి ముందు ప్రస్తావన వచ్చును.

వీనిని గాక ఒక్కొక్క శాస్త్రమునకు పరిమితమైన గుర్తులు గలవు. వైద్యశాస్త్ర వ్యాసములకు పబ్‌మెడ్ సంఖ్య, భౌతిక గణితములకు పైన చెప్పిన ఆర్కైవ్ సంఖ్య ఇట్టివి. ఆయా శాస్త్రములలో ఇవి ఎంత బలవత్తరములైనను తెలుగు సాహిత్య పరిశోధనకు అందుబాటులోనివి గావు.

4. స్థిరత్వము ఎచ్చట నున్నది?

ఇంతవఱకు చెప్పిన పద్ధతులు చూచినవారికి స్థిరత్వము సంఖ్యలోనే యున్నదని తోచవచ్చును. అది భ్రమ. సంఖ్యకు స్వయముగా ప్రాణము లేదు. పట్టికలో స్థానమును దిద్దువాడు మానినచో డి.ఓ.ఐ. యైనను శూన్యమునకే దారి తీయును. శకుంతల వేలి యుంగరమునకు విలువ దానిని చూచి గుర్తుపట్టు రాజున్నప్పుడే గదా.

2024లో వెలువడిన ఒక పరిశీలన ఈ సత్యమును అంకెలతో చూపినది. క్రాస్‌రెఫ్ డి.ఓ.ఐ. గల డెబ్బది లక్షలకు మించిన వ్యాసములను పరీక్షింపగా, వానిలో నూటికి సుమారు ఇరువదియెనిమిది, అనగా ఇరువది లక్షలకు పైబడినవి, ప్రసిద్ధములైన సంరక్షణ నిధులలో దేనియందును భద్రపడినట్లు కానరాలేదు. వానికి స్థిరనామము కలదు. ఆ ప్రచురణకర్త అంతరించిననాడు ఆ నామముతో పిలిచినను పలుకువాడు లేడు. నామకరణము వేఱు, సంరక్షణము వేఱు అని దీనివలన తేలుచున్నది.

ఇందుకు ప్రతిగా సంస్థ మాఱినను నామము నిలిచిన సందర్భములును గలవు. పర్ల్ చిరునామాలను ఇరువదేండ్లు నడిపిన ఓ.సి.ఎల్.సి. 2016లో ఆ బాధ్యతను ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు అప్పగించినది. పాత నామములు చెల్లుబాటును కోల్పోలేదు. పెత్తనము చేతులు మాఱినను మాట మాఱలేదు.

తెలుగువారికి ఇంతకంటె సన్నిహితమైన ఉదాహరణము భారతీయ డిజిటల్ గ్రంథాలయము. అందు వేలకొలది తెలుగు గ్రంథముల ఛాయాప్రతులు చేర్చబడినవి. ఈ శతాబ్ది తొలి రెండు దశకములలో వెలువడిన తెలుగు పరిశోధనకు అది గొప్ప ఆధారమైనది. పలువురు దాని చిరునామాలను తమ గ్రంథములలో నిర్దేశించిరి. 2017 ప్రాంతమున ఆ జాలస్థలము మూతపడగా ఆ చిరునామా లన్నియు ఒక్కుమ్మడిగా నిష్ప్రయోజనములైనవి. అదృష్టవశమున లక్షలకొలది ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులోనికి చేరినవి. చేర్చినవారు అచ్చట ప్రతి గ్రంథపు నామములోను పాత గ్రంథాలయమున దానికున్న సంఖ్యను నిలిపిరి. పాత బార్‌కోడ్ సంఖ్యను గూడ వివరణలో వ్రాసిరి. ఆ సంఖ్యను వ్రాసికొన్న పరిశోధకుడు నేడును ఆ ప్రతిని, ఆ పుటను, ఆ పంక్తిని చేరగలడు. వట్టి చిరునామాను లంకెగా పెట్టి సంఖ్యను గమనింపనివాడు శీర్షికను పట్టుకొని మరల వెదకవలసినదే. ఆ వెదకుట సులభము గాదు. ఏలయన అందలి తెలుగు శీర్షికలు రోమను లిపిలో తలకొక తీరుగా వ్రాయబడినవి. స్థిరాభిజ్ఞానమును గూర్చి తెలుగు పరిశోధకుడు నేర్చుకొనవలసిన పాఠమంతయు ఈ యొక్క చరిత్రలో నున్నది.

5. నామము దేనిని చెప్పుచున్నది?

అభిజ్ఞానమును ఎన్నుకొనుటకు ముందు అది దేనికి నామమో నిర్ధారించుకొనవలెను. సాహిత్య విద్యార్థికి ఈ ప్రశ్న సహజమే. ఒక కావ్యము వేఱు, దాని పాఠాంతరము వేఱు, ఒక తాళపత్ర ప్రతి వేఱు. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘముల సమాఖ్య 1998లో ఈ భేదమునే కృతి, అభివ్యక్తి, ప్రచురణ రూపము, ప్రతి అని నాలుగంతరువులుగా విభజించినది.

ఒకే వ్యాసమునకు మూడు నాలుగు అభిజ్ఞానములుండుట నేడు సామాన్యము. వైద్యశాస్త్ర వ్యాసమునకు ప్రచురణకర్త ఇచ్చిన డి.ఓ.ఐ. యుండును, పబ్‌మెడ్ సూచికలో దాని వివరణకు ఒక సంఖ్య యుండును, ఉచిత పాఠనిధిలో దాని పూర్తి పాఠమునకు మఱియొక సంఖ్య యుండును. ఇవి పర్యాయపదములు గావు. ఒకటి ప్రచురిత రూపమును, ఒకటి సూచికలోని పద్దును, ఒకటి నిధిలోని ప్రతిని చెప్పుచున్నవి. ఆర్కైవ్ నిధిలో కర్త తన వ్యాసమును దిద్ది మరల చేర్చినచో, మూలసంఖ్య మాఱదు. దాని చివర పాఠసంఖ్య 1, 2 అని పెరుగును. సవరణకు పూర్వపు పాఠములోని వాక్యమును ఖండింపదలచినవాడు పాఠసంఖ్యను గూడ చెప్పవలెను. లేనిచో చదువరి క్రొత్త పాఠమును చూచి ఆ వాక్యమును కానక ఖండించినవానిదే తప్పనుకొనును.

డిజిటల్ గ్రంథాలయములలో ఒకే ముద్రణ రెండు మూడు చోట్ల ఛాయాప్రతులు తీయబడి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క సంఖ్య పడియుండుట తఱచు. ఒక ప్రతిలో పుటలు లోపించును. ఇంకొక దానిలో ఉండును. కావున అట్టి సంఖ్య ఛాయాప్రతికి నామమేగాని గ్రంథమునకు గాదు. దానిని డేటాబేసులో "చూచిన ప్రతి" అను శీర్షిక క్రింద వ్రాయుట యుక్తము. "వ్యాసపు గుర్తు" అను శీర్షిక క్రింద వ్రాయుట దోషము.

6. ఎంపిక సూత్రములు

పై విచారణనుబట్టి, శాఖకుగాని పరిశోధకునికిగాని తన వ్యాసనిధిని కూర్చుకొనుటకు ఈ క్రింది నియమములు ఏర్పడుచున్నవి.

ఒకటి: డేటాబేసులోని ప్రతి పద్దునకును ఒక సొంత వరుస సంఖ్య యుండవలెను. బయటివా రిచ్చిన అభిజ్ఞానమును పద్దునకు మూలసంఖ్యగా వాడరాదు. ఏలయన కొన్ని వ్యాసములకు అది యుండదు, కొన్నింటికి రెండుండును, కొన్నింటికి తరువాత వచ్చును. చేరిక సంఖ్య గ్రంథాలయమునకు ఎట్లో ఇది డేటాబేసునకు అట్లు.

రెండు: వ్యాసమునకు డి.ఓ.ఐ. ఉన్నచో దానిని ప్రధానాభిజ్ఞానముగా గ్రహింపవలెను. అది ప్రచురిత రూపమునకు నామమగుటయు, వెనుక వివరణలు గలుగుటయు, దోషసూచనలును ఉపసంహరణలును దాని ద్వారా తెలియవచ్చుటయు ఇందుకు కారణములు. డి.ఓ.ఐ. లేనిచోట హ్యాండిల్, ఆర్క్ మొదలగువానిలో ప్రచురణకర్తయో నిక్షేపనిధియో స్వయముగా ఇచ్చినదానిని గ్రహింపవలెను. మూడవవాడు ఇచ్చిన గుర్తుకంటె వస్తువును కాపాడువాడు ఇచ్చిన గుర్తు ప్రబలము.

మూడు: డి.ఓ.ఐ.ని డేటాబేసులో 10తో ఆరంభమగు మూలరూపమున నిలిపి, అచ్చు వేయునప్పుడు దానికి ముందు పరిష్కర్త చిరునామాను చేర్చి పూర్తి లంకెగా చూపవలెను. పరిష్కర్త చిరునామాయే కాలక్రమమున కొంత మాఱినది, మూలరూపము మాఱలేదు. డి.ఓ.ఐ.లో పెద్ద రోమను అక్షరములకును చిన్న అక్షరములకును భేదము లేదు గనుక, ఒకే వ్యాసము రెండు పద్దులుగా పడకుండుటకు అన్నింటిని ఒకే తీరున మార్చి పోల్చవలెను.

నాలుగు: ఒక పద్దున ఎన్ని అభిజ్ఞానములు దొరకిన అన్నియు, ఏది దేనికి నామమో చెప్పుచు, వేఱు వేఱు గడులలో నిలుపవలెను. ఒకటి చెడినప్పుడు రెండవది దారి చూపును.

ఐదు: అభిజ్ఞానము ఎంత గట్టిదైనను కర్త, శీర్షిక, పత్రిక, సంపుటము, సంచిక, క్రీస్తుశకమున సంవత్సర మాసములు, పుటలు అను పూర్వపద్ధతి వివరణను విడువరాదు. పత్రికపై సంవత్సర నామము మాత్రమున్నచో దానిని ఉన్నదున్నట్లు ఒక గడిలోను, లెక్కించిన క్రీస్తుశకమును వేఱొక గడిలోను వ్రాయవలెను. సంఖ్య యంత్రమునకు నామము. ఈ వివరణ మనుష్యునికి నామము. యంత్రము పోయిననాడు మనుష్యుడు దీనిని పట్టుకొనియే వెదకును.

ఈ ఐదు నియమములును అభిజ్ఞానమున్న వ్యాసములకు చాలును. కాని తెలుగు పరిశోధనలో అభిజ్ఞానము లేనివే అధికము. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రకటించిన పత్రికలోను, 1924లో ఆరంభమైన భారతిలోను వెలువడిన వ్యాసములపైననే మన భాషా చరిత్ర, ఛందశ్చరిత్ర, కవికాల నిర్ణయములు పెక్కులు ఆధారపడియున్నవి. ఆ వ్యాసములకు నామమిచ్చు ప్రచురణకర్త నేడు లేడు. వానికి నామమియ్యవలసినది వానిని కాపాడుచున్న గ్రంథాలయములును, వానిపై బ్రతుకుచున్న విశ్వవిద్యాలయ శాఖలును గాక మఱెవ్వరు?

ఇందుకు ఆర్క్ పద్ధతి అనువైనదని నా యభిప్రాయము. వ్యయము స్వల్పము. వ్యాసపు పూర్తి పాఠమును అంతర్జాలమున పెట్టకయే, దాని పద్దునకు మాత్రము నామమియ్యవచ్చును. మన దేశమున కర్త మరణానంతరము అరువదేండ్ల వఱకు గ్రంథస్వామ్యము ఉండును గనుక ఈ సౌలభ్యము ముఖ్యమైనది. నామమిచ్చుటకు స్వామ్యము అడ్డు రాదు. నేడు నడచుచున్న శాఖా పత్రికల మాట వేఱు. అవి ఐ.ఎస్.ఎస్.ఎన్. పొందుటతో ఆగుచున్నవి. ఆ సంఖ్య పత్రికకు నామమేగాని అందలి వ్యాసమునకు గాదు. క్రాస్‌రెఫ్ సభ్యత్వ రుసుమును భరింపలేని చిన్న పత్రిక తన వ్యాసములను, కర్తల అనుమతితో, 2013లో యూరపులోని సెర్న్ సంస్థ ఆరంభించిన జెనోడో నిధిలో నిక్షేపించినచో ప్రతి వ్యాసమునకును ఉచితముగా డి.ఓ.ఐ. లభించును, ప్రతియు భద్రపడును. నామకరణమును సంరక్షణమును ఒక్కచోట జరుగుటచేత ఇది రెండు విధముల మేలు.

ఉపసంహారము

ఏ పద్ధతిని గ్రహించినను అడుగవలసిన కడపటి ప్రశ్న ఒక్కటే: ఈ నామమునకు ఇరువదేండ్ల తరువాత బదులు చెప్పువారెవరు? ఒక అధ్యాపకుని సొంత ఉత్సాహముచే ఆరంభమైన పట్టిక ఆయన పదవీ విరమణతో ఆగును. శాఖ తీర్మానముచే ఆరంభమై, గ్రంథాలయపు నిత్యకృత్యములలో చేరి, మానవలసివచ్చినచో ఎవరికి అప్పగింపవలెనో ముందే వ్రాసియుంచిన పట్టిక నిలుచును. స్థిరాభిజ్ఞానమును ఎన్నుకొనుట యనగా సంఖ్యను ఎన్నుకొనుట గాదు. ఆ సంఖ్యకు పూచీపడు సంస్థను ఎన్నుకొనుట, లేదా తానే అట్టి సంస్థయగుటకు ఒప్పుకొనుట.

మన పూర్వులు శాసనము చివర "ఆచంద్రార్కము" అని చెక్కించి ఊరకుండలేదు. ధర్మమును నడుపవలసినవారెవరో, తప్పినవారికి కలుగు పాపమెట్టిదో గూడ వ్రాయించిరి. శిల ఎంత గట్టిదైనను ధర్మమును నిలుపునది శిల గాదని వారు ఎఱుగుదురు. తెలుగు శాఖలు తమ ఆకరములకు నామములిచ్చునాడు ఆ రెండవ భాగమును గూడ మఱువకుండుట యవసరము.